పేరు తిట్టవుతుందా?

"ఒరేయ్, నువ్వు ఒట్టి పిచ్చి పుల్లయ్యవిరా!" ఈ మాట మన హాస్టల్లో రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. లెక్క తప్పు చేసినవాణ్ణి అంటారు, క్యారమ్స్‌లో స్ట్రైకర్ పడేసుకున్నవాణ్ణి అంటారు, బకెట్టు మరిచిపోయి స్నానానికి వెళ్ళినవాణ్ణి అంటారు. అన్నవాడికి కోపం ఉండదు, అనిపించుకున్నవాడూ నవ్వేస్తాడు. అయితే అదే గదిలో నిజంగా పుల్లయ్య అనే పేరున్న తమ్ముడు ఒకడు ఉంటే? వాడు ఏ తప్పూ చేయలేదు. వాడి గురించి ఎవరూ మాట్లాడటమూ లేదు. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ వాడి వైపే తిరుగుతుంది.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఇందులో భాష ఉంది, చరిత్ర ఉంది, కులం ఉంది, చట్టం కూడా ఉంది. మామూలు మనిషి పేరును తిట్టుగా వాడటం తప్పా, కాదా? ఒకసారి నెమ్మదిగా ఆలోచిద్దాం.

పేర్లు తిట్లుగా ఎలా మారతాయి?

తెలుగులో పేర్లు తిట్లుగా మారిన దారులు ముఖ్యంగా నాలుగు కనిపిస్తాయి.

మొదటిది పురాణాల దారి. కుట్రలు చేసేవాణ్ణి శకుని అంటాం, ఎప్పుడూ నిద్రపోయేవాణ్ణి కుంభకర్ణుడంటాం, చెప్పుడు మాటలు చెప్పే ఆమెను మంథర అంటాం. వీటితో పెద్ద చిక్కు లేదు. మన ఊళ్ళల్లో ఎవరూ కొడుక్కి శకుని అని పేరు పెట్టరు కాబట్టి పక్కన కూర్చుని బాధపడేవాడు ఉండడు.

రెండవది ప్రాస దారి. పిచ్చి పుల్లయ్య, వెర్రి వెంగళప్ప, తిక్క శంకరయ్య. పుల్లయ్యలందరూ పిచ్చివాళ్ళని ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు. 'పి' పక్కన 'పు', 'వె' పక్కన 'వెం' నోటికి బాగా పడ్డాయి, అంతే. సినిమాలు వాటిని ఇంకా గట్టిపరిచాయి. 1953లో 'పిచ్చి పుల్లయ్య', 1968లో 'తిక్క శంకరయ్య' పేర్లతో సినిమాలు వచ్చాయి. రెండింటిలోనూ కథానాయకుడు ఎన్.టి. రామారావు గారే.

మూడవది నటుల దారి. దీనికి సూర్యకాంతం గారిని మించిన ఉదాహరణ లేదు. ఆమె 1924లో కాకినాడ దగ్గర పుట్టారు, 1994లో కన్నుమూశారు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' చూడని తెలుగువారు తక్కువ. గయ్యాళి అత్త వేషం అంత గొప్పగా వేశారు కాబట్టి, నోరు పెద్దదైన ఆడమనిషిని జనం 'సూర్యకాంతం' అనడం మొదలుపెట్టారు. చక్కని పేరు అది. తెలుగు తల్లిదండ్రులు ఆ పేరు పెట్టుకోవడానికి జంకే పరిస్థితి వచ్చింది. అసలు సూర్యకాంతం గారేమో షూటింగుకు ఇంటి నుంచి వంటలు తెచ్చి తోటివారికి ప్రేమగా వడ్డించేవారని ఆమెతో పనిచేసినవారు చెప్పారు. అంటే ఆ తిట్టుకూ ఆ మనిషికీ కూడా సంబంధం లేదు, ఆమె వేసిన వేషానికే సంబంధం.

నాలుగవది నాటకాల దారి. కాళ్ళకూరి నారాయణరావు గారి 'చింతామణి' నాటకం మన పల్లెల్లో తిరునాళ్ళకూ జాతర్లకూ దశాబ్దాల తరబడి ఆడారు. అందులో వేశ్య ఇంటి చుట్టూ తిరిగి ఆస్తి పోగొట్టుకునే సుబ్బిశెట్టి అనే పాత్ర ఉంది. ఆడేవాళ్ళు జనాన్ని నవ్వించడానికి ఆ పాత్ర చేత ఆడించే వెకిలితనం పెరుగుతూ పోయింది. ఆ పేరు పెట్టి తమను ఊళ్ళల్లో ఎగతాళి చేస్తున్నారని ఆర్యవైశ్యులు చాలాకాలం అభ్యంతరం చెప్పారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఒక పాత్ర కోసం నాటకం మొత్తాన్ని ఆపడం న్యాయమా అని కళాకారులు అడిగారు, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. నిషేధం సరైనదా కాదా అనేది వేరే చర్చ. మనం గమనించవలసింది ఒక్కటి. పేరు పెట్టి నవ్వడం అనేది ప్రభుత్వమూ కోర్టూ పట్టించుకునేంత పెద్ద విషయం అయింది.

మన పల్నాడులోనూ ఇలాంటి పేరు ఒకటుంది. ఇంట్లో గానీ ఊళ్ళో గానీ గట్టిగా పెత్తనం చేసే స్త్రీని 'నాయకురాలు నాగమ్మ' అని వెక్కిరిస్తారు. పన్నెండవ శతాబ్దంలో ఒక స్త్రీ మంత్రిగా ఉండి రాజ్యం నడిపిందంటే అది మామూలు విషయం కాదు. గెలిచిన మగవాణ్ణి 'చాణక్యుడు' అని మెచ్చుకునే నోరే తెలివైన ఆడదాన్ని 'నాగమ్మ' అని దెప్పుతుంది. తిట్టులోనూ ఆడా మగా తేడా ఉందన్నమాట!

పుల్లయ్య పేరు వెనుక ఏముంది?

ఇప్పుడు మన పుల్లయ్య దగ్గరికి వద్దాం.

పూర్వం పసిపిల్లలు పుట్టి పుట్టి చనిపోయే ఇళ్ళు చాలా ఉండేవి. మందులు లేవు, టీకాలు లేవు. ఇద్దరో ముగ్గురో బిడ్డలు పోయాక మళ్ళీ బిడ్డ పుడితే, ఆ తల్లి ఆ పసిగుడ్డును ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించేది, లేదా పెంటకుప్ప మీద క్షణకాలం పడుకోబెట్టేది. 'ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ, మృత్యువా, నువ్వు కూడా దీన్ని చూడకు' అని చెప్పడం అన్నమాట. ఎంగిలి విస్తరాకును పుల్లాకు అంటారు. అలా దొర్లించిన బిడ్డ పుల్లయ్య, పుల్లమ్మ. పెంట మీద వేసిన బిడ్డ పెంటయ్య, పెంటమ్మ. ఈ ఆచారం ఏ ఒక్క కులానికో పరిమితం కాదు, బిడ్డలు పోయిన ప్రతి ఇంటిదీ.

కాబట్టి పుల్లయ్య అనే పేరుకు అర్థం పిచ్చివాడు అని కాదు. 'మా అమ్మ నన్ను బతికించుకోవాలనుకుంది' అని. బిడ్డను కాపాడుకోవడానికి ఒక తల్లికి ఆ రోజుల్లో చేతనైనది అదే. ఆ పేరు విని నవ్వేవాడు నిజానికి ఆ తల్లి భయాన్ని చూసి నవ్వుతున్నాడు.

ఎల్లయ్య, మల్లయ్య, పోలయ్య పేర్లు కూడా ఇలాంటివే. 'ఏ ఎల్లయ్యో మల్లయ్యో వస్తే సరిపోతుందా?' అని పెద్దమనుషులు అనడం వింటుంటాం. అంటే లెక్కలోకి రాని మనిషి అని అర్థం. కానీ ఎల్లయ్య అనేది ఎల్లమ్మ తల్లి పేరు, మల్లయ్య మల్లన్న దేవుడి పేరు, పోలయ్య పోలేరమ్మ పేరు. మన పక్కనున్న కోటప్పకొండ స్వామి పేరు మీద ఈ నరసరావుపేట ప్రాంతంలో ఇంటికొక కోటయ్యో కోటేశ్వరరావో ఉంటాడు. దేవుడు ఒకటే, పేరు ఒకటే. వెనుక 'రావు' ఉంటే గౌరవం, 'అయ్య' మాత్రమే ఉంటే లోకువ. అంటే లోకువ అయినది పేరు కాదు, ఆ పేరు ఎక్కువగా ఉన్న ఇళ్ళు. కూలి చేసుకునేవాళ్ళ ఇళ్ళు, గొడ్లు కాచుకునేవాళ్ళ ఇళ్ళు, మన ఇళ్ళు.

మనందరికీ తెలిసిన సామెత ఒకటుంది, 'పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు'. ఆ కథ ఏమిటి? యజమాని రాత్రి పడుకునే ముందు 'ఒరే పుల్లయ్యా, రేపు నువ్వు వేమవరం వెళ్ళాలిరా' అన్నాడు. పుల్లయ్య తెల్లవారకముందే లేచి వేమవరం నడిచి వెళ్ళి తిరిగి వచ్చాడు. 'ఎందుకు వెళ్ళావురా?' అంటే 'మీరు వెళ్ళాలన్నారు గదండీ' అన్నాడు. అందరూ నవ్వారు. ఇప్పటికీ నవ్వుతున్నాం. ఈ కథను ఒకసారి పాలేరు వైపు నుంచి చూడండి. పని ఏమిటో చెప్పనివాడు యజమాని. ఎదురు ప్రశ్న వేస్తే 'నాకే ఎదురు చెబుతావా' అని తిట్టేవాడూ ఆ యజమానే. 'ఎందుకండీ?' అని అడిగే హక్కు లేని మనిషి చెప్పినంత వరకు చేశాడు. ఆ కథను పుల్లయ్య చెప్పి ఉంటే సామెత ఇంకోలా ఉండేది. సామెతలు చాలావరకు అరుగు మీద కూర్చున్నవాళ్ళు చేసినవి, ఎండలో నడిచినవాళ్ళు చేసినవి కావు.

'గారు'కూ 'గాడు'కూ ఉన్న దూరం

ఒకే పేరును మూడు రకాలుగా పిలవవచ్చు. పుల్లయ్య గారు, పుల్లయ్య, పుల్లిగాడు. పేరు మారలేదు, తోక మారింది. ఆ తోకలోనే మర్యాదంతా ఉంది.

మన తాతల కాలంలో ఆసామి ఇంటి పదేళ్ళ పిల్లవాడు కూడా అరవై ఏళ్ళ మనిషిని 'ఒరేయ్ ఎంకటిగా' అని పిలిచేవాడు. ఆ పెద్దాయన 'అయ్యా' అని పలికేవాడు. మన హాస్టల్లో చదివినవారిలో ఈ మాట కళ్ళారా చూసినవారు, చెవులారా విన్నవారు చాలామంది ఉన్నారు. ఆ పిలుపులో తిట్టు ఒక్కటీ లేదు, పేరు మాత్రమే ఉంది. అయినా అంతకన్నా పెద్ద తిట్టు ఏముంది?

అదే 'పుల్లిగా' అనే పిలుపు ఇద్దరు స్నేహితుల మధ్య ప్రేమ అవుతుంది. ఒకే కంచంలో తిన్నవాడు, ఒకే దుప్పటి కింద పడుకున్నవాడు 'ఒరే పుల్లిగా' అంటే మనసు నిండుతుంది. కాబట్టి మాట ఒక్కటే చూస్తే సరిపోదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నారు అనేవి చూడాలి.

పన్నెండవ శతాబ్దంలోనే మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు తన సేనాధిపతిని చేశాడనీ, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ మన పల్నాటి వీరగాథ చెబుతుంది. అతన్ని 'కన్నిగాడు' అని కాదు, కన్నమదాసు అనే నిండు పేరుతోనే గాథ గుర్తుపెట్టుకుంది. పేరును నిండుగా పలకడం కూడా ఒక సమానత్వమే.

లోకంలో ఇతర చోట్ల

ఈ సమస్య మనది మాత్రమే కాదు.

జర్మనీలో 'కెవిన్' అనే పేరు ఇలాగే లోకువైంది. 2009లో అక్కడి ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల మీద ఒక అధ్యయనం చేశారు. కెవిన్ వంటి పేర్లు వినగానే చాలామంది ఉపాధ్యాయులు 'వీడు అల్లరివాడు, చదువు రానివాడు' అనుకుంటున్నారని తేలింది. అలెగ్జాండర్, సోఫీ వంటి పేర్లు వింటే మంచి పిల్లలనుకుంటున్నారు. అప్పటికి ఆ పిల్లవాణ్ణి చూడనే లేదు! కెవిన్ అనేది పేరు కాదు, రోగ నిర్ధారణ అని ఒక ఉపాధ్యాయుడు రాసిన మాట ఆ దేశమంతా చర్చ అయింది. బడిలో పేరును బట్టి పిల్లవాణ్ణి అంచనా వేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

అమెరికాలో 'కేరెన్' కథ కొంచెం వేరు. తన రంగునూ హోదానూ చూసుకుని ఇతరుల మీద, ముఖ్యంగా నల్లవారి మీద, అయినదానికీ కానిదానికీ పోలీసులను పిలిచే తెల్ల స్త్రీకి జనం ఈ పేరు పెట్టారు. 2020లో ఈ మాట బాగా వ్యాపించింది. ఇక్కడ తిట్టు కింది నుంచి పైకి వెళుతోంది, దెబ్బలు తిన్నవారు కొట్టేవారికి పెట్టిన పేరు అది. అందుకే చాలామంది దాన్ని సమర్థించారు. కానీ ఏ పాపమూ తెలియని మామూలు కేరెన్‌లు కూడా వేలమంది ఉన్నారు. వారు ఉద్యోగాల్లో, దుకాణాల్లో తమ పేరు చెప్పుకోవడానికే సిగ్గుపడవలసి వచ్చింది. అంటే కారణం న్యాయమైనదే అయినా పేరును ఆయుధం చేస్తే గాయం పక్కవాడికి తగులుతుంది.

మన దేశంలోనే 'పప్పు' సంగతి చూడండి. మనకు పప్పు అంటే హాస్టల్లో రోజూ వడ్డించేది. ఉత్తరాదిన అది ఇంట్లో పిల్లలను ముద్దుగా పిలుచుకునే పేరు. అదే తెలివితక్కువవాడు అనే అర్థంలో రాజకీయాల్లో వాడుకలోకి వచ్చింది. 2017లో గుజరాత్ ఎన్నికలప్పుడు ఒక పార్టీ టీవీ ప్రకటనలో ఆ మాట ఉంటే, అది ఒక నాయకుణ్ణి కించపరుస్తుందని ఎన్నికల అధికారులు అభ్యంతరం చెప్పి తీసివేయించారు. ఒక ముద్దు పేరు అధికారులు కొట్టివేయవలసిన మాట అయింది.

పేరు వల్ల జరిగే నష్టం నవ్వుతో ఆగదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా పేర్లలో మాత్రమే. కొన్ని అగ్రకులాల పేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లింల పేర్లు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు ఉన్న అవకాశం మూడింట రెండు వంతులే అని తేలింది. మార్కులు ఒకటే, డిగ్రీ ఒకటే, పేరు వేరు.

చట్టం ఏమంటుంది?

పేరు పెట్టి చేసే ప్రతి ఎగతాళికీ జైలుకు పంపనక్కరలేదు. కానీ మాట ఎప్పుడు అవమానం అవుతుంది అనేదానికి న్యాయస్థానం చెప్పిన ఒక సూత్రం మనకు ఉపయోగపడుతుంది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురిలో అవమానించాలనే ఉద్దేశంతో ఎస్సీ, ఎస్టీలను కించపరచడం నేరం. 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో కులం పేరుతో దూషించడాన్ని విడిగా కూడా చేర్చారు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి వాదనే వచ్చింది. కులం పేరు ఒక కులాన్ని సూచించే మామూలు మాటే కదా, అది తిట్టు ఎలా అవుతుంది? కోర్టు చెప్పినది ఏమంటే, ఆ మాట ఎక్కడి నుంచి పుట్టింది అని కాదు, ఈనాడు జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారు, ఇక్కడ ఏ ఉద్దేశంతో అన్నారు అని చూడాలి.

పుల్లయ్య అనే పిలుపు ఈ చట్టం కిందికి వస్తుందని నా ఉద్దేశం కాదు. కానీ 'అది వట్టి పేరే కదా' అనే సాకుకు ఈ సూత్రం మంచి సమాధానం. పేరు వట్టిదే. దాన్ని వాడిన తీరు వట్టిది కాదు.

మరి సామెతలు మానేయాలా?

కొందరు మిత్రులు అడగవచ్చు. 'ఇలా లెక్కపెడితే భాషలో ఏం మిగులుతుంది? ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందని కూడా అనకూడదా?'

అనవచ్చు. సామెతలను నిషేధించమని ఎవరూ అడగడం లేదు. మాట నోట్లోంచి వచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి, ఆ పేరు గలవాడు ఇక్కడ ఉన్నాడా? ఉంటే ఆ నవ్వు ఖర్చు వాడు భరిస్తున్నాడు.

రెండు, నేను పైన ఉండి కిందివాణ్ణి అంటున్నానా? సీనియర్ జూనియర్‌ను, టీచరు విద్యార్థిని, యజమాని పాలేరును అన్నప్పుడు ఎదుటివాడు తిరిగి అనలేడు. తిరిగి అనలేనివాడితో చేసేది తమాషా కాదు.

మూడు, నేను తప్పును చెబుతున్నానా, మనిషిని చెబుతున్నానా? 'లెక్క తప్పు చేశావురా' అంటే వాడు దిద్దుకుంటాడు. 'నువ్వు పుల్లయ్యవురా' అంటే ఏం దిద్దుకోవాలి?

పేర్లకు మళ్ళీ గౌరవం వస్తుంది

తిట్టుగా పడిపోయిన పేరు మళ్ళీ లేవగలదు. సామెతలో ఎవరి చావుకో కారణమైన ఎంకిని నండూరి సుబ్బారావు గారు తన పాటలలో తెలుగువారందరికీ ఇష్టమైన పల్లెపడుచును చేశారు. పుల్లయ్య పేరుతోనే తెలుగు సినిమాలో ఇద్దరు మహా దర్శకులున్నారు. సి. పుల్లయ్య గారు 'లవకుశ' ప్రారంభించారు, పి. పుల్లయ్య గారు 'జయభేరి', 'శ్రీ వెంకటేశ్వర మహత్యం' తీశారు. సినిమాల్లో హాస్యానికి వాడి వాడి అరగదీసిన సుబ్బారావు అనే పేరు, ఫోలిక్ ఆమ్లం మీదా మెథోట్రెక్సేట్ మీదా పనిచేసి ప్రపంచానికి ప్రాణదానం చేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. మన పక్క వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు తన పేరు మార్చుకోలేదు, ఆ పేరుతోనే తెలుగు కవుల్లో మొదటి వరుసలో నిలిచారు. ఐలయ్య అనే పేరును మేధావుల పుస్తకాల అట్టల మీదికి ఎక్కించినవారు కంచ ఐలయ్య గారు.

తమ్ముళ్ళలో ఎవరికైనా పేరు మార్చుకోవాలని ఉంటే అది వారి హక్కు, ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. అయితే పదవ తరగతి సర్టిఫికెట్టులో పడిన పేరే తరువాత అన్ని చోట్లా నడుస్తుంది. కాబట్టి మార్చుకోవాలనుకున్నా, అక్షరాలు సరిచేసుకోవాలనుకున్నా పదవ తరగతి నామినల్ రోల్స్ వెళ్ళకముందే ఇంట్లో అడిగి, హెడ్మాస్టరు గారికీ వార్డెన్ గారికీ చెప్పండి. తరువాత మార్చుకోవడం చాలా శ్రమ. కానీ ఎవరో నవ్వారని మాత్రం మార్చుకోకండి. నవ్వినవాడు మారవలసి ఉండగా నవ్వించబడినవాడు మారడం న్యాయం కాదు.

చివరగా ఒక చిన్న పని. ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో నాయనమ్మనో అడగండి, 'నాకు ఈ పేరు ఎందుకు పెట్టారు?' అని. ఒకరి పేరు వెనుక చనిపోయిన అన్న ఉంటాడు, ఒకరి పేరు వెనుక మొక్కు ఉంటుంది, ఒకరి పేరు వెనుక బైబిల్ చదివిన తాత ఉంటాడు, ఇంకొకరి పేరు వెనుక అంబేడ్కర్ గారి మీద అభిమానం ఉంటుంది. విన్నది నాలుగు వాక్యాల్లో రాసి తెచ్చి గోడపత్రిక మీద అంటించండి. ఆ కథ చదివిన తరువాత ఎదుటివాడి పేరును తిట్టుగా వాడటానికి ఎవరికీ నోరు రాదు.